సొంతూళ్లో కుంటివాడు

జఖార్ దొవ్‌హాల్ ఆ గోల్ కొట్టినప్పుడు వాన పడుతోంది. మైదానం మధ్యలో బంతి అతని కాలికి దొరికింది. అవతలి గోల్‌కీపర్ గీత వదిలి బాగా ముందుకొచ్చి నిలబడ్డాడు. జఖార్ అది చూసి, ఇంకేం ఆలోచించకుండా అక్కణ్ణుంచే తన్నాడు. బంతి గోల్‌కీపర్ తల మీదుగా పోయి, తడినేల మీద ఒకసారి ఎగిరి వలలో పడింది. పోలండ్‌లో సాన్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో అలాంటి గోల్ అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. గొడుగులు మూసి మరీ చప్పట్లు కొట్టారు.

అతనికి ముప్ఫై దాటాయి. పత్తొమ్మిదో ఏట ఉక్రెయిన్ వదిలి ముందు లిథువేనియా, తర్వాత లాట్వియా, చివరికి ఇక్కడ రెండో అంచె లీగ్‌లో తేలాడు. మిడ్‌ఫీల్డర్ పని అంటే ఎదుటివాడి దగ్గర బంతి లాక్కోవడం, తనవాడికి అందించడం, మళ్లీ పరుగెత్తడం. అలాంటివాణ్ణి కోచ్‌లు వదులుకోరు, జనం గుర్తుపెట్టుకోరు. ఇన్నేళ్లకు మొదటిసారి ఆ గోల్‌తో అతని పేరు పదిమంది నోట పడింది. జట్టు వాళ్లు దాన్ని వీడియో చేసి నెట్‌లో పెడితే రెండు రోజుల్లో ఎక్కడెక్కడో తిరిగింది.

ఆ వారమే జుట్టు కత్తిరించుకోవడానికి యారీనా దగ్గరికి వెళ్లాడు. ఆమెదీ ఉక్రెయిన్‌లో సూమీ జిల్లానే, జఖార్ వాళ్ల ఊరికి పక్క ఊరు. యుద్ధం మొదలైన వసంతంలో కూతుర్ని తీసుకుని ఇక్కడికొచ్చి, బస్టాండు వెనక చిన్న గదిలో అద్దం, కుర్చీ పెట్టుకుంది.

"కాలు ఎలా ఉంది?" అంది, కత్తెర ఆపకుండా.

"కాలికేం? బాగానే ఉంది."

"మా అత్త కనుక్కోమంది. రయీసా పెద్దకొడుకు మీ దగ్గరే ఎక్కడో గిడ్డంగిలో కూర్చుని డబ్బాలకు చీటీలు అంటిస్తున్నాడట, మోకాలు చితికిపోయి కర్ర లేనిదే అడుగు వెయ్యలేడట, పాపం కనబడితే ఓ గిన్నె వేడి బోర్ష్ చారు పొయ్యవే అంది."

రయీసా పెద్దకొడుకంటే తనే. జఖార్ అద్దంలో ఆమె మొహం చూశాడు. ఆట పట్టిస్తోందేమో అనుకున్నాడు. ఆమె నవ్వడం లేదు.

"ఎవరు చెప్పారట?"

"ఇంకెవరు, మీ అమ్మే. చర్చి మెట్ల మీద అందరికీ చెప్పిందట. మీ తమ్ముణ్ణి పాతిపెట్టిన రోజున."

యారీనా మెడ వెనక వెంట్రుకలు దులిపి తువ్వాలు తీసింది.

"నేను ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. కానీ వానలో నువ్వు కొట్టింది నా ఫోన్‌లోకే వచ్చింది. రేపు మా అత్త ఫోన్‌లోకీ వస్తుంది. నా మొగుడు యుద్ధంలో, కందకంలో ఉన్నాడు జఖార్. నీ మీద నాకేం జాలి లేదు. మీ అమ్మ గురించే నా బాధంతా."

తమ్ముడి పేరు మిరోన్. ట్రాక్టర్లు బాగుచేసేవాడు. యుద్ధం వచ్చిన మొదటి వారంలోనే ఎవరూ పిలవకుండా వెళ్లి చేరాడు. రెండో ఏడాది చలికాలంలో తూర్పున జరిగిన పోరులో చనిపోయాడు. కబురు తెలిసినప్పుడు జఖార్ సంచి సర్దాడు, మళ్లీ విప్పాడు. ఉక్రెయిన్‌లోకి అడుగుపెట్టిన మగవాణ్ణి యుద్ధం అయ్యేదాకా మళ్లీ బయటికి వదలరు. అదే మాట తల్లికి ఫోన్‌లో చెప్పాడు. "అర్థమైంది, నాన్నా" అంది ఆమె. మిరోన్‌ను పాతిపెట్టిన రోజున ఇక్కడ మ్యాచ్ ఉంటే ఆడాడు. బాగా ఆడాడు కూడా. అది ఎవరికీ చెప్పుకోలేదు.

జుట్టు కత్తిరించుకుని వచ్చిన సాయంత్రం తల్లికి ఫోన్ చేశాడు.

"యారీనా ఏదో అంటోందమ్మా."

"ఇది ఫోన్‌లో మాట్లాడేది కాదు, నేనే వస్తాను" అంది రయీసా.

రెండు రైళ్లు మారి, ఒక రాత్రంతా కూర్చునే వచ్చింది. సంచిలో ఉప్పులో ఊరేసిన దోసకాయలు, గుడ్డలో చుట్టిన పంది కొవ్వు, ఇంట్లో కాల్చిన రొట్టె. వచ్చీ రాగానే కోటు విప్పి, వంటగదిలో పొయ్యి చూసి, "ఇది తుడిచి ఎన్నాళ్లయిందిరా" అని సబ్బునీళ్లు కలుపుకుంది. జఖార్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను కుంటివాణ్ణా అమ్మా?"

"ఊళ్లో ఔను."

"అలా ఎందుకు చెప్పావు?"

ఆమె పొయ్యి తోముతూనే ఉంది. "శవపేటికను మోసింది వాడి పటాలం కుర్రాళ్లు. ఒకడికి చెయ్యి లేదు, ఒక్క చేత్తోనే పట్టుకున్నాడు. దారి పొడుగునా జనం గౌరవంగా మోకాళ్ల మీద కూర్చున్నారు. అప్పుడు వాళ్లలో ఒకడు నన్నడిగాడు, మిరోన్‌కి అన్న ఉన్నాడు కదమ్మా, ఏడీ అని. మర్యాదగానే అడిగాడు. నన్నేం చెప్పమంటావు? బంతాట ఉంది, రాలేడు అనాలా?"

"రాలేనని చెప్పాను కదా. చట్టం అలా ఉంది."

"చట్టం ఆ కుర్రాడికి తెలీదనా?" ఆమె గుడ్డ పిండింది. "నోట్లోకి అదే వచ్చింది. మోకాలు పోయింది, నడవలేడు అన్నాను. అందరూ పాపం అన్నారు. చర్చిలో నీ పేరున కూడా కొవ్వొత్తి వెలిగించారు. మిరోన్ పెళ్లాం ఒలేస్యా నా భుజం పట్టుకుని, మీకు ఇద్దరూ పోయినట్టే కదత్తా అని ఏడ్చింది. ఆ ఒక్క అబద్ధంతో నిన్ను వాళ్ల మధ్య మనిషిగా నిలబెట్టానురా. ఇప్పుడు నువ్వు గుర్రంలా పరిగెత్తుతున్న బొమ్మ రేపోమాపో ఊళ్లో ఫోన్లలోకి వస్తుంది."

"నేను చేసే పని అది. పన్నెండేళ్లుగా అదే చేస్తున్నాను. ఆ ఇంటి పైకప్పు దాంతోనే వేయించాను."

"కాదన్నానా? ఆ కప్పు కిందే పడుకుంటున్నాను." మొదటిసారి అతని వైపు తిరిగింది. "ఆడుకో. కానీ కనపడకుండా ఆడు. ఆ బొమ్మ తీసెయ్యమను. పేపర్లవాళ్లకి మొహం చూపించకు. నేను బతికున్నన్నాళ్లే కదా."

సరేనన్నాడు జఖార్. మర్నాడు జట్టు ఆఫీసుకెళ్లి వీడియో తీసెయ్యమని అడిగితే అక్కడి కుర్రాడు వింతగా చూశాడు. "పదేళ్లకొక్కసారి కొట్టావు, అదీ దాచెయ్యాలా?" అన్నాడు. కానీ తీశాడు. ఊరివాళ్ల కంట ఇంకా పడినట్టు లేదు.

నాలుగు రోజులుండి రయీసా బయల్దేరింది. అతనే సరిహద్దు దగ్గరున్న పెషెమిషల్ స్టేషన్‌కి కారులో తీసుకెళ్లాడు. ఉక్రెయిన్ రైలు ఎక్కేవాళ్ల వరస సరిహద్దు తనిఖీ గది దాకా సాగి ఉంది. చాలావరకు ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు, ఒకామె చేతిలో పిల్లి ఉన్న బుట్ట. తల్లి సంచి పట్టుకుని పక్కనే నడుస్తూ, ఉన్నట్టుండి అన్నాడు.

"నేనూ వచ్చేస్తానమ్మా."

"వద్దు."

"నిజంగానే అంటున్నాను. నీతో వచ్చేస్తాను."

ఆమె అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. "బట్టలు తెచ్చుకోలేదుగా" అంది.

జఖార్ తల దించుకున్నాడు. ఆమె అతని కాలరు సరిచేసింది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు చేసినట్టే. "వచ్చేవాడివైతే వాణ్ణి మోసేటప్పుడే వచ్చేవాడివి. ఇప్పుడొచ్చి ఎవర్ని మోస్తావు? పోయి ఆడుకో. నాకేం కోపం లేదు."

నిజంగానే ఆ గొంతులో కోపం లేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టినా భరించేవాడు. రమ్మని పిలుస్తుందేమో, బతిమాలుతుందేమో అని ఆమె వచ్చిన రోజు నుంచీ ఎదురుచూస్తున్నాడని, పిలవకపోయాక గానీ అతనికి తెలియలేదు. ఆమె పెద్ద కొడుకుని లెక్కలోంచి ఎప్పుడో తీసేసింది. తీసేసి, కుంటివాడొకణ్ణి తయారుచేసుకుని వాడి గురించి బాధపడుతోంది.

వేసవిలో పిలుపొచ్చింది. పోలండ్ పెద్ద లీగ్‌లో ఆడే జట్టొకటి. వాళ్ల మిడ్‌ఫీల్డర్ వేరే దేశం వెళ్లిపోయాడు, అనుభవమున్నవాడు కావాలి. ఇక్కడి కోచ్ అతన్ని గదిలోకి పిలిచి తలుపేశాడు.

"ఏమిటంత ఆలోచన? ఇరవై ఏళ్లవాడివి కాదు, మళ్లీ పిలుస్తారులే అనుకోవడానికి."

"అక్కడ అన్ని మ్యాచ్‌లూ టీవీలో వస్తాయి కదా."

"వస్తాయి. దానికోసమే కదా మనమంతా చచ్చేది."

జఖార్ ఒక వారం తిరిగాడు. నది గట్టున పరిగెత్తాడు, పడుకున్నాడు, మళ్లీ పరిగెత్తాడు. తల్లికిచ్చిన మాట గుర్తుంది. కానీ దాని వెంట ఇంకోటి కూడా లోపల లేచి కూర్చుంది. పన్నెండేళ్లు ఇంకొకళ్లకి బంతి అందించాడు. చలిలో, బురదలో, పేరు తెలియని ఊళ్లలో. ఇప్పుడొచ్చింది తన వంతు. ఒక ముసలమ్మ చర్చి మెట్ల మీద అన్న మాట కోసం దాన్ని కాలదన్నుకోవాలా? తల్లిని ముసలమ్మ అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే సంతకం పెట్టాడు. ఆమెకు చెప్పలేదు.

కొత్త జట్టు చొక్కా పట్టుకుని నిలబడ్డ అతని ఫొటో ఆ రోజే ఉక్రెయిన్ ఆటల వార్తల్లో వచ్చింది. కింద సొంతూరి పేరుతో సహా వేశారు.

యారీనా ఫోన్ చేసింది. "మా అత్త చూసింది. ఇంక నేను చెప్పాల్సిందేం లేదు" అని పెట్టేసింది. మిగతాది తర్వాత తెలిసింది. ఊళ్లో రయీసాను పల్లెత్తు మాట ఎవరూ అనలేదు. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద పక్కన ఎవరూ కూర్చోలేదు, అంతే. ఒలేస్యా ఒకరోజు వచ్చి, గోడకున్న మిరోన్ పటం దింపి, శాలువాలో చుట్టుకుని, "ఇది మా ఇంట్లో ఉంటుందత్తా" అని తీసుకెళ్లిపోయింది. మనవరాలు, మిరోన్ కూతురు, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

పెద్ద లీగ్‌లో మొదటి మ్యాచ్ అయిన మర్నాడు జఖార్ ధైర్యం చేసి ఫోన్ కలిపాడు. చాలాసేపు మోగాక ఎత్తింది.

"చూశాను" అంది, అతను అడక్కముందే. "మొదటి సగం బాగా ఆడావు. తర్వాత అలిసిపోయావు."

"ఎక్కడ చూశావు?"

"దుకాణంలో. ఉప్పు కొందామని వెళ్లాను. దుకాణం జినాయిదా ఫోన్ నా ముందు నిలబెట్టి, కుర్చీ వేసింది. కూర్చో రయీసా, నీ కొడుకు వస్తున్నాడు, చూడు అంది. యుద్ధానికి వెళ్లిన ఆమె కొడుకు ఎక్కడున్నాడో ఏడాదిగా తెలీదు. చివరిదాకా నా పక్కనే నిలబడింది. నేనూ లేవలేదు."

"అమ్మా…"

"ఉప్పుకి డబ్బు తీసుకోలేదు."

జఖార్ మాట్లాడబోయేసరికి ఆమె అంది, "బంగాళాదుంపలు తవ్వాలి నాన్నా, మబ్బు పట్టింది." ఫోన్ ఆగిపోయింది.

ఆ ఏడాది ఆడినంత నిలకడగా అతను ఎన్నడూ ఆడలేదు. కొత్త కోచ్ అతన్ని ఒక్క మ్యాచ్‌కీ పక్కన పెట్టలేదు. టికెట్లు కొని వచ్చేవాళ్లలో కొందరు అతని పేరు వెనక రాయించుకున్న చొక్కాలు వేసుకొచ్చారు. వసంతంలో ఒప్పందం ఇంకో రెండేళ్లు పొడిగించారు. ఆఫీసులో చేతులు కలిపి, కాఫీ ఇచ్చి, ఇంట్లోవాళ్లకి చెప్పుకో అన్నారు. బయటికొచ్చి కారులో కూర్చుని ఫోన్ తీశాడు. రెండుసార్లు మోగించాడు. ఆమె ఎత్తలేదు. ఇంకెవరికి చేయాలో కాసేపు ఆలోచించి, తోచక, ఫోన్ పక్క సీట్లో పడేసి ప్రాక్టీసుకు వెళ్లాడు.