బెల్టు లేని నడుం

“బెల్టు కట్టుకో, వాడొస్తున్నాడు” అంది మా అత్తయ్య.

నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుం పైకెత్తి ఉన్నాను. ఆవిడ అప్పటికి ఏడు దాకా లెక్కపెట్టింది. గేటు చప్పుడు నాకు వినపడలేదు గానీ ఆవిడకి వినపడింది. మూడేళ్లుగా మంచంలో ఉన్న మనిషికి ఇంట్లో ప్రతి చప్పుడూ చుట్టమే. మా ఆయన చెప్పులు విప్పేలోపు లేచి, నడుం బెల్టు బిగించుకుని, మంచం పక్క కుర్చీలో నొప్పి మొహం పెట్టుకుని కూర్చున్నాను. నలభై తొమ్మిదేళ్ల మనిషిని. నా ఒళ్లు నేను బాగుచేసుకోవడానికి దొంగలా దాక్కుంటున్నాను.

“ఇంకా తగ్గలేదా?” అన్నారాయన గుమ్మంలోంచే. రోజూ అదే పలకరింపు. నొప్పి ఎలా ఉందని కాదు దానర్థం, అమ్మని మళ్లీ ఎప్పటినుంచి ఎత్తుతావని.

పక్షవాతంతో అత్తయ్యకి ఎడమవైపు పడిపోయిన దగ్గర్నుంచీ ఆవిడని ఎత్తింది నేనే. పొద్దున్నే మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాలగది బల్ల మీదికి, మళ్లీ మంచం మీదికి. ఆ తర్వాత వంట, బస్సు, ఆఫీసులో రికార్డుల గది, సాయంత్రం వచ్చాక మళ్లీ ఎత్తడం. “ఆడవాళ్ల పని, నువ్వయితేనే అమ్మకి సిగ్గుండదు” అనేవారు ఈయన. ఆవిడ మాత్రం ఏనాడూ సిగ్గు గురించి మాట్లాడలేదు. ఆడపడుచు వచ్చినప్పుడల్లా “మా వదిన చేతిలో అమ్మ పువ్వులా ఉంది” అని మెచ్చుకుని, వెళ్లేటప్పుడు తన బరువు సంచీ కూడా ఆటో దాకా నా చేతికే ఇచ్చేది.

ఐదు నెలల కిందట స్నానాలగదిలో ఆవిడ జారబోతే పట్టుకున్నాను. నడుంలో పటుక్కుమంది. ఆవిడని పడనివ్వలేదు, నేను పడ్డాను. ఆయన పరుగెత్తుకొచ్చి “అమ్మకేం కాలేదు కదా?” అన్నారు. అందులో తప్పు పట్టను. తడి నేల మీద కదల్లేక పడుకుని, రెండో మాట కోసం ఎదురుచూశాను. “ఇప్పుడు అమ్మని ఎవరు చూస్తారు?” అన్నారు.

వెన్నులో డిస్కు జరిగిందనీ, మళ్లీ బరువులెత్తితే కాలు చచ్చుబడొచ్చనీ చెప్పి డాక్టరు ఈ బెల్టు ఇచ్చాడు. దీనికి ఇంట్లో దక్కిన గౌరవం నాకెన్నడూ దక్కలేదు. ఇది కనిపిస్తున్నంతసేపూ నీళ్ల బకెట్టు ఎవరో ఒకరు మోస్తారు. విప్పి పక్కన పెడితే చాలు, “ఆ సిలిండర్ కాస్త ఇటు జరుపు” అని కేక. ఆఫీసులో వీపు వెనక దిండు పెట్టుకున్నందుకు మా సూపరింటెండెంటు “మేడమ్ గారికి సింహాసనం వేయించాం” అని నలుగురినీ నవ్విస్తాడు. పై అరలోంచి ఫైళ్ల కట్టలు దించమనేటప్పుడు ఆ సింహాసనం సంగతి మర్చిపోతాడు.

“ఇంక బెల్టు చాలు ఆంటీ. దాన్నే నమ్ముకుంటే కండరాలు నీరసపడిపోతాయి. రెండు పూటలా వ్యాయామం చెయ్యండి” అంది ఫిజియోథెరపీ అమ్మాయి. ఇంట్లో మనిషి కాళ్లు చాపుకునేంత ఖాళీ ఉన్నది అత్తయ్య గదిలోనే. చక్రాల కుర్చీ తిరగాలని సామానంతా తీసేశాం. మొదటిరోజు చాప పరుచుకుని నడుం రెండంగుళాలు ఎత్తేసరికి ఏడుపొచ్చింది. ఇంతలో మంచం మీంచి, వంకరపోయిన నోటితో, “ఒకటి” అని వినిపించింది. కాసేపటికి “రెండు.” పది దాకా రావడానికి నాకంటే ఆవిడే ఎక్కువ కష్టపడింది. పెళ్లయిన కొత్తలో “దీనికి నడుం వంగదు” అని ఇరుగుపొరుగుకి చెప్పింది ఈవిడే. అది నేను మర్చిపోలేదు. మర్చిపోకుండానే రెండు నెలలుగా ఆవిడ లెక్కకి నడుం ఎత్తుతున్నాను. ఆయన వచ్చే వేళకి బెల్టు గుర్తుచేసేదీ ఆవిడే.

నిన్న అత్తయ్యకి జాకెట్టు మారుస్తుంటే చూశాను. చంకల కింద కమిలిపోయి నల్లగా వేళ్ల గుర్తులు. నేను పడ్డాక ఆయనే ఎత్తుతున్నారు. రెండో వారానికే “నా నడుం పోయింది” అని మందు రాయించుకున్న మనిషి.

“ఎన్నాళ్లుగా ఇలా? చెప్పరేం?” అన్నాను.

“నీకు బాగవనీ” అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. నాకు నొప్పి పోయి పదిహేను రోజులైంది. చేతులు వాటంతటవే ఆవిడ భుజాల కిందికి వెళ్లాయి. ఒక్కసారి ఎత్తితే రేపటి నుంచి అన్ని పూటలూ నావే. ఈసారి పడ్డానంటే ఈ గదిలో రెండో మంచం వెయ్యాలి. అత్తయ్య బాగున్న చేత్తో నన్ను తోసేసింది.

ఇప్పుడు ఆయన చొక్కా చేతులు మడుచుకుని వచ్చి, “పద, పద” అంటూ ఆవిడని చంకల కింద పట్టుకుని గుంజారు. “అమ్మా” అని మూలిగిందావిడ. సగంలో వదిలేసి నా వైపు తిరిగారు.

“చూశావా? నాకు చేతకాదు. నీకైతే ఒడుపు తెలుసు. ఏ కాస్త తగ్గినా ఒక్క పూటైనా...”

“దానికి నొప్పిరా, ఇంకా తగ్గలేదు” అంది అత్తయ్య.

కమిలిన ఒంటితో ఆవిడ నా కోసం అబద్ధం ఆడుతుంటే వినలేకపోయాను. లేచి నిలబడి బెల్టు పట్టీ లాగాను. ఆ చప్పుడుకే ఆయన మొహం విప్పారింది.

“తగ్గిందా?”

“తగ్గింది. ఇవాళ ఎత్తగలను కూడా. అయినా ఎత్తను.”

బెల్టు మడిచి కుర్చీలో పెట్టాను.

“చంకల కింద పట్టుకోకండి, చూడండి ఎలా కమిలిపోయిందో. మోకాళ్లు వంచండి. ఒక చెయ్యి వీపు వెనక్కి పోనివ్వండి. నాకెవరూ నేర్పలేదు, మీకు నేను నేర్పుతాను.”

ఆయన కుర్చీలోని బెల్టు వైపు చూసి, నా వైపు చూశారు. నేను కదల్లేదు. చివరికి మోకాళ్లు వంచారు.

మంచం మీంచి అత్తయ్య, “ఒకటి” అంది.