మామగారు కొలిచిన ముక్కు

ఏమోయ్, వస్తూనే ఆ గాజు తలుపులో ముఖం చూసుకుని మురిసిపోతున్నావు. కంగారుపడకు, నీ అందాన్ని ఎవరూ ఎత్తుకుపోరు. ఇలా కూర్చుని ఫోటో స్టూడియోవారి కోడలి సంగతి విను.

ఆ పిల్ల పొద్దుటి నుంచీ నిలబడే పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తోంది. మూడో నెల. కాళ్లు పీకేస్తున్నాయి. కుర్చీ కస్టమర్లకు, జీతం బయటివాళ్లకు, కోడలికి రెండూ అక్కర్లేదని మామగారి సిద్ధాంతం. అంత పెద్దమనసు ఆయనది.

ఆయన బల్ల మీద స్కాన్ బొమ్మ పరిచి ఉంది. స్కానింగ్ డాక్టరమ్మ త్రీడీ మిషన్లో వేలెడంత బిడ్డ ముఖాన్ని అటూ ఇటూ తిప్పి, నుదురు, ముక్కెముక, దవడ, గడ్డం కొలిచింది. "అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయమ్మా. ఏదైనా తేడా ఉంటే ముందే తెలుస్తుందని కొలుస్తాం, అంతే" అని చెప్పి పంపింది. సంగతి అక్కడితో అయిపోవాలి.

కానీ మామగారు ఫోటోల మీద బ్రష్షుతో ఎంతమంది ముఖాలు దిద్దిన మనిషి! వంకర దవడలు నిలబెట్టారు, మెల్లకళ్లు సరిచేశారు. ఆయన భూతద్దం ముందు డాక్టరమ్మ చదువెంత? స్కేలు తీసి స్కాన్ బొమ్మను కొలిచారు. గోడ మీద ఉన్న తన తండ్రి పటాన్ని కొలిచారు. పెదవి విరిచారు.

"చూడరా" అన్నారు కొడుకుతో. "తొక్కేసినట్టుంది ముక్కు. నాన్నగారిది కత్తిలా ఉండేది. ఇది మన ఇంటి పోలిక కాదు."

కొడుకు భూతద్దం అందుకున్నాడు. సొంతంగా చూడటం అతనికి అలవాటు లేదు. "అవును నాన్నా, కాదు" అన్నాడు.

"ఎవరి పోలికో నాకనవసరం. రేపే తీసుకెళ్లి తీయించెయ్. గుట్టుగా అయిపోవాలి."

కోడలు మొగుడి వంక చూసింది. అతను భూతద్దం తుడుస్తున్నాడు, మహా శ్రద్ధగా.

"నేను రాను" అంది.

"నిన్నెవరడిగారమ్మా?"

"కడుపు నాది మామయ్యగారూ. నన్నే అడగాలి." కత్తెర బల్ల మీద పెట్టి, కస్టమర్ల కుర్చీ లాక్కుని కూర్చుంది.

వెనకగదిలోంచి నవ్వు వినిపించింది. అత్తగారు. ఆవిడ నవ్వగా ఆ ఇంట్లో విన్నవాళ్లు తక్కువ.

"ఎందుకే ఆ నవ్వు?" అన్నారు మామగారు.

"ఏం లేదండీ. మీ నాన్నగారు కళ్లజోడు జారిపోకుండా దారంతో తలకు కట్టుకునేవారే, అది గుర్తొచ్చింది."

"అయితే?"

"ముక్కుకి దూలం ఉంటేగా జోడు నిలవడానికి? ఆయన పోయాక, పటం చూసి నలుగురూ నవ్వుతారని, బ్రష్షు పట్టుకుని ఆ ముక్కు లేపింది మీరేగా. మీరు గీసిన ముక్కు పటంలోకి వచ్చింది గానీ, పిల్ల కడుపులోకి ఎలా వస్తుందండీ?"

మామగారి చెయ్యి మెల్లగా తన ముక్కు మీదికి పోయి, అక్కడ పట్టుకోవడానికి పెద్దగా ఏమీ దొరక్క, గడ్డం మీదికి జారింది. కొడుకు అలవాటుగా "అవును" అనబోయి, ఈసారి ఎవరికి అనాలో తెలియక మళ్లీ భూతద్దం తుడవడం మొదలుపెట్టాడు. కోడలు కుర్చీలోంచి లేవలేదు.

ఇంతకాలం జనానికి లేని ముక్కులు అంటగట్టిన ఆ ఘనుడి దగ్గర అందరికంటే ఘోరంగా మోసపోయిన కస్టమర్ ఎవరయ్యా అంటే, ఆయనే.