బెల్టు మేస్త్రీ రెండో తాళంచెవి

మేనక కారు తాళంచెవిని జాకెట్టులో దోపుకుంది. ఇంకెక్కడ పెట్టినా మామగారు వెతికి తీసేలా ఉన్నారు.

ఇరవై రెండేళ్ల కారు. పొద్దున గుడ్డ మూటల కోసం అవినాశికి బయలుదేరబోతే, స్టార్టయిన నాలుగు క్షణాలకే ఏదో టపటపమని గేటు దగ్గరే ఆగిపోయింది. మళ్లీ తిప్పితే ఇంజను ఊరికే గిరగిరా తిరిగిందే తప్ప అందుకోలేదు. మెకానిక్ పళనివేల్ ఫోన్లోనే ఆ శబ్దం సంగతి విని, "టైమింగ్ బెల్టు పోయినట్టుండాది అక్కా. ఇంక సావి తిప్పవద్దు. తిప్పితే పిస్టన్ పోయి వాల్వుల్ని కొడతాది, ఇంజనే పోతాది. నేను వచ్చేదాకా ఎవురినీ తాకనీవద్దు" అన్నాడు.

సింగానల్లూరులో ఆ చివరి మాటే కష్టం. ఇక్కడ ప్రతి మగవాడూ పుట్టుకతోనే ఇంజనీరు. ఎదురింటి కోదండరామన్ పంపుసెట్లు చేస్తాడు గనుక కార్లూ తెలుసట. వచ్చి బానెట్ మీద వాలి, "సుమ్మా, ఊరికే ఒక తడవ స్టార్ట్ చేసి సూద్దాం" అన్నాడు. మేనక పళ్లు కొరుక్కుంటూ ఆయన్ని సాగనంపింది.

మామగారిని సాగనంపడానికి చోటేదీ? కల్యాణసుందరం ముప్పై ఐదేళ్లు స్పిన్నింగ్ మిల్లులో బెల్టు మేస్త్రీ. బెల్టు అన్న మాట చెవిన పడగానే ఒంటికాలి మీద లేచారు.

"కారుది ఏమి తప్పు? తోలేవాళ్లది తప్పు. సెకండ్ గేర్లోనే ఉరికిస్తే ఏ బెల్టు నిలుస్తాది?"

"మామా, బండి కదలనే లేదు. గేరే వెయ్యలే."

"సావి ఇయ్యి" అంటూ తాళంచెవి కోసం చెయ్యి చాపారు. "శబ్దం విని నేను చెప్తాను."

"వేండాం మామా, ఇయ్యను."

"అయితే అమ్మేస్తాను, పో. ఆదివారమే ఉడుమలైపేట బ్రోకర్ని రమ్మంటాను. కారు నా పేర్న ఉండాది."

మేనకకు ఒళ్లు మండిపోయింది. అవినాశి నుంచి కత్తిరించిన బనియన్ గుడ్డ మూటలు వచ్చేది ఈ కారులోనే. వెనక షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లు కుట్టేది ఆ గుడ్డనే. మూటల్ని ఏ బస్సువాడూ ఎక్కించుకోడు. కారు పోతే షెడ్డుకు తాళమే. ఆ సంగతి తెలిసి కూడా అంత తేలిగ్గా అనేశారు!

కాఫీ కలుపుదామని లోపలికి వెళ్లిందో లేదో, బయట కర్‌ర్‌ర్‌మని చప్పుడు. చేతిలోని గ్లాసుతోనే పరుగెత్తింది. మామగారు స్టీరింగ్ ముందు కూర్చున్నారు. రెండో తాళంచెవి ఇన్నాళ్లూ ఆయన మొలలోనే ఉందన్నమాట.

"మీకు దండం పెడతాను, దిగండి మామా!"

వీధంతా వినబడేలా అరిచింది. తొమ్మిదేళ్ల కాపురంలో ఆమె గొంతు అంత లేవడం అదే మొదటిసారి. ఆయన దిగారు. తాళంచెవి మాత్రం మళ్లీ మొలలోకే పోయింది.

పదకొండింటికి పళనివేల్ వచ్చి మూత విప్పాడు. బెల్టు తెగలేదు. ఉబ్బి, మెత్తబడి, ఒక పక్కంతా పళ్లు రాలిపోయి బోసిగా ఉంది. వేలు పెట్టి వాసన చూశాడు.

"ఎవురో దీనికి నూనె పూసినారు అక్కా. ఈ బెల్టుకు నూనె విషం."

మేనకా వాసన చూసింది. ఆముదం. ఆయుధపూజ రోజు మామగారు స్పానరు, ఒక సీసా పట్టుకుని కారు దగ్గర సగం పూట గడిపారు. బొట్లు పెడుతున్నారనుకుంది తను.

ఆమె మామగారి వైపు తిరిగి చూసింది. పొద్దుటి నుంచి పడ్డ మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి.

"మిల్లులో తోలు బెల్టులకు ఆముదమే పూస్తా ఉంటిమి" అన్నారాయన మెల్లగా. "ముప్పై ఐదేండ్లు. ఒగటీ తెగలే."

"ఇది తోలు కాదు మామా!" మేనక తల పట్టుకుంది.

పళనివేల్ కొత్త బెల్టు వేసి, స్పానరుతో ఇంజనును చేత్తోనే నిదానంగా తిప్పాడు. ఒక చుట్టు. రెండు చుట్లు. ఎక్కడా తగల్లేదు.

"వాల్వులు బతికినాయి అక్కా. ఇంకొక తడవ తిప్పి ఉంటే చెప్పలేను."

"మరి ఆదివారం బ్రోకరు?" అడిగింది మేనక, మామగారి వైపే చూస్తూ.

"ఏ బ్రోకరు?" అన్నారాయన. మొలలోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టారు. "రెండూ నీ దగ్గరే ఉండనీ అమ్మిణీ."

లోపలికి వెళ్లి, సగం మిగిలిన ఆముదం సీసా తెచ్చారు.

"ఇదీ నువ్వే పెట్టుకో."

మేనకకు కోపం ఇంకా పోలేదు. సీసా మాత్రం అందుకుంది.