నూగు కొమ్మ

మా పక్క గొర్రెల దొడ్డి ఎనోక్‌ది. అతని భార్య బోలెత్ ఉత్తరాన డిస్కో దీవి పిల్ల. పెళ్లయి గ్రీన్‌లాండ్ దక్షిణ కొసకు వచ్చి నలభై ఏళ్లయినా ఆమెకు ఇక్కడి భూర్జపొదలతో చెలిమి కుదరలేదు.

"ఇది మా పొద కాదు," అనేది, కొండవాలున నడుమెత్తు పెరిగిన కొమ్మను బొటనవేలితో రాస్తూ. "ఒళ్లంతా మొటిమలు. వేళ్లకి జిగురంటుతోంది చూడు. మాది నేలని కరుచుకుని ఉంటుంది. లేత కొమ్మ మీద పసిపిల్ల చెవి మీదున్నట్టు నూగుంటుంది."

"రెండిటికీ గుండ్రటాకే కదే! అంచున అవే గంట్లు. మొటిమలు వెతికే ఓపికుంటే నాలుగు గొర్రెలకి ఉన్ని కత్తిరించు," అని ఎనోక్ నవ్వేవాడు.

చిన్నప్పుడు బోలెత్ ఆ నూగు కొమ్మలనే వాళ్లక్క ఆనెతో కలిసి మోపులు కట్టి పొయ్యిలోకి మోసేదట. అక్క పోయి చాలా కాలమైంది.

చూపు తగ్గుతూ వచ్చి పూర్తిగా పోయాక బోలెత్ పొదల మాట ఎత్తడం మానేసింది. ఎనోక్‌కు అదే కష్టమనిపించింది. జూలైలో గొర్రెలను నాకప్పగించి, కత్తెరలకు పదును పెట్టించుకొస్తానని ఆమెతో చెప్పి, ఉత్తరానికి వెళ్లే ఓడెక్కాడు. పది రోజులకు కాఫీ డబ్బాలో జానెడు పొదతో తిరిగొచ్చాడు.

"కత్తెర పదునుకి పది రోజులా? కొత్త కత్తెరే చేయించావా?" అంది బోలెత్.

అతను ఆమె వేలిని కొమ్మ మీద పెట్టాడు. ఆమె తడిమింది. మళ్లీ తడిమింది.

"ఎక్కడిది?"

"మీ ఊరి వాగు పక్కది."

"అక్క సమాధికి పైనా, కిందా?"

"పైన."

సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె వారం రోజులు ఆ డబ్బా దగ్గరే కూర్చుంది, తిండి సరిగా ముట్టలేదు.

"నన్నెందుకు తీసుకెళ్లలేదు?" అంది చివరికి.

"కళ్లు కనపడవు కదా, ఏం చూస్తావని..."

"నేను చూడ్డానికా వెళ్లేది?"

ఆగస్టులో ఇద్దరూ ఓడెక్కారు.

అక్కడి సంగతి తర్వాత అతనే చెప్పాడు. వాగు పైన బూట్లు విప్పేసి పొదల్లో వెల్లకిలా పడుకుందట. ఆ పొదలు ఆమె చెవుల దాకా కూడా రాలేదు. దోమలు ముసిరినా లేవలేదు. అక్కతో బిగ్గరగా ఏవేవో చెప్పుకుంది, ఏడ్చింది. అతనూ పక్కనే పడుకున్నాడు.

రేవులో ఓడ కూత వేసింది.

"మనదేనా?" అందట.

"మనదే. వచ్చే వారం ఇంకోటుందిలే. పడుకో," అన్నాడట.

ఆ వారం కూడా గొర్రెలు నా మెడకే పడ్డాయి.