గుండీల రాయి

నలుగురు మనుషులు మోసుకొచ్చి హాల్లో దించిన గాజుతొట్టిని చూడగానే ఆమె కళ్ళకి కట్టింది చేపలు కావు, నేల కుంగిపోవడం.

"మూడువందల లీటర్లంటే మూడువందల కిలోలు. పైన రాళ్ళూ, ఇసకా. కింద ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించారా?" అంది భర్తతో.

"కింద మనుషుల్లేరు. స్కూటర్లు పెట్టుకుంటారు."

"స్కూటరు తీసుకోడానికి ఎవరో ఒకరు రారా?"

ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. వెంట్రుకంత తేడా వచ్చినా మళ్ళీ మొదలుపెట్టే ఓపిక ఉంది కానీ, భార్య ప్రశ్నలకి జవాబు చెప్పే ఓపిక ఎప్పుడో అయిపోయింది. నవ్వేసి, ఇనప స్టాండు కింద మట్టం పెట్టి చూసుకోవడంలో పడ్డాడు.

పన్నెండేళ్ళ కూతురు మాత్రం తొట్టి చుట్టూ ఎగురుతూనే ఉంది. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని అందరూ పిచ్చుక అని పిలిచేవాళ్ళు. ఆ పేరే నిలిచిపోయింది. మూడో నెలలో ఆ పిచ్చుకకి విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికొచ్చింది. "దాని నోటికి తగిలే ప్రతి వస్తువూ మరగబెట్టాలమ్మా" అని డాక్టరు చెప్పిన మాట ఆ తల్లి బుర్రలో మేకులా దిగింది. పెద్ద గిన్నెలో సీసాలు మరగబెట్టింది, బొమ్మలు మరగబెట్టింది. బిడ్డ బతికింది. ఇక ఆ పెద్ద గిన్నె పొయ్యి దిగలేదు. గిలక్కాయలు పోయి దువ్వెనలు వచ్చాయి, దువ్వెనలు పోయి నీళ్ళసీసాల మూతలు వచ్చాయి.

"మా వదిన చేతికి దొరికితే సబ్బుబిళ్ళని కూడా ఉడకబెడుతుంది" అనేది ఆడపడుచు. ఆవిడ స్కూలు వ్యాను నడుపుతుంది. యాభైమంది పిల్లల గోల మీదుగా మాట్లాడి మాట్లాడి, ఇంట్లో మామూలుగా మాట్లాడినా పోట్లాటలా ఉంటుంది.

విరేచనాలు పోయాక పిచ్చుకకి జలుబులు పట్టుకున్నాయి. జలుబు చేసిందంటే చాలు, అదే గిన్నెలో నీళ్ళు మరిగేవి. పొయ్యి ఆపాలి, కళ్ళు మూసుకోవాలి, తలమీద తువ్వాలు కప్పుకుని మూత తియ్యాలి, పదిసార్లు గట్టిగా పీల్చాలి. పదికి ఒక్కటి తగ్గినా తల్లి ఒప్పుకునేది కాదు. ఆ పది కోసం ఇద్దరికీ ప్రతిసారీ యుద్ధమే.

తొట్టిలో నీళ్ళు పోయడానికే వారం పట్టింది. కొళాయినీళ్ళు పనికిరావట. శుద్ధిచేసిన నీళ్ళని పెద్ద టబ్బులో పోసి, బస్తాలోంచి సముద్రపు ఉప్పు కొలిచి వేసి, చిన్న మోటారుతో రాత్రంతా తిప్పారు. పొద్దున్నే తండ్రీ కూతుళ్ళు ఒక చుక్క నీటిని అద్దం మీద వేసి, కంటి దగ్గర గొట్టంలాంటిది పెట్టుకుని ఉప్పు పాళ్ళు చూసుకున్నారు. ఇసక పరిచారు. చిల్లులు చిల్లులుగా ఉన్న రాళ్ళని గుహలా పేర్చారు.

తరవాత నెలన్నర, చేపన్నది లేదు. ఉత్త నీళ్ళు. పిచ్చుక రోజూ గాజుగొట్టంలో ఆ నీళ్ళు పట్టి, మందుచుక్కలు వేసి, రంగు చూసేది.

"ఇంకా ఆకుపచ్చగానే ఉంది నాన్నా."

"అయితే ఇంకా విషమే. పసుపు రంగు రావాలి, అప్పుడే చేపలు."

విషమన్న మాట వంటింట్లోకి వినిపించింది. ఆమె గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "ఏం విషం?"

"చేపలకి, మనకి కాదు" అన్నాడాయన. ఆ రోజునుంచీ ఆమె తొట్టివైపు వెళ్ళేటప్పుడు తలుపు వైపు తిరిగి ఊపిరి పీల్చుకునేది.

నీళ్ళు కుదురుకున్నాక నత్తలొచ్చాయి, తరవాత నారింజరంగు చేపలు రెండు. ఆపైన పగడాలు కొనడానికి ముగ్గురూ కలిసి వెళ్ళారు. షాపంతా నీలం వెలుగు. అందులో మనుషుల పళ్ళు కూడా నీలంగా మెరుస్తుంటే ఆమె లోపలికి వెళ్ళలేక గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పిచ్చుక ఒక రాయి దగ్గర ఆగిపోయింది. అరచేతంత రాయి, దాని నిండా చొక్కాగుండీల్లాంటి పగడాలు. ఆకుపచ్చ గుండీకి నారింజ అంచు, ఒక్కో గుండీ చుట్టూ సన్నటి కుచ్చు.

షాపాయన రాయిని సంచిలో కట్టి, మోచేతులదాకా వచ్చే రబ్బరు గ్లౌజుల జతొకటి పైన పెట్టాడు. ఆమె భర్తని పక్కకి పిలిచాడు. గుమ్మంలోంచి ఆమెకి మాటలు వినపడలేదు. షాపాయన వేలు తన కంటివైపు చూపించడం కనపడింది. తరవాత ఛాతీ మీద చెయ్యి వేసుకోవడం. తరవాత అడ్డంగా తల ఊపడం.

"ఏమన్నాడు?" అంది, దారిలో.

"ఏముంది, లైటు గురించి."

"గ్లౌజులు లైటుకా?"

"ఉప్పు చేతులకి పట్టకుండా. అబ్బా, ప్రతిదానికీ పోలీసుస్టేషనేనా?"

 ఛాతీ మీద వేసుకున్న ఆ చెయ్యి మాత్రం ఆమె కళ్ళముందునుంచి పోలేదు.

గుండీలు పెరిగాయి. మూడు నెలలకి రాయంతా కమ్ముకున్నాయి. అయిదో నెలకి పక్కనున్న కొమ్ముల పగడం మీదికి పాకి దాన్ని సగం చంపేశాయి. ఒక ఆదివారం పొద్దున భర్త గ్లౌజులు తొడుక్కుని ఆ రాయిని బయటికి తీసి, బాల్కనీలో బకెట్లో పెట్టి, పైన పళ్ళెం మూశాడు.

"సాయంత్రం షాపాయనకి తిరిగి ఇచ్చేస్తా. నువ్వు దాని జోలికి వెళ్ళకు."

"ఎందుకని?"

ఆయన గ్లౌజులు విప్పాడు. "మురికి" అన్నాడు. దుకాణానికి వెళ్ళిపోయాడు.

మురికి అన్న మాట విని చేతులు కట్టుకుని కూర్చునే మనిషా ఆమె? మధ్యాహ్నానికి బకెట్లోంచి వాసన మొదలైంది. పళ్ళెం ఎత్తి చూస్తే రాతి చిల్లుల్లోంచి ముళ్ళపురుగొకటి తొంగి చూసి లోపలికి పోయింది.  పైగా పిచ్చుకకి నిన్నటినుంచీ జలుబు. ఇలాంటిది ఇంట్లో పెట్టుకుని, జలుబు చేసిన పిల్లని పక్కన పెట్టుకుని! అదీకాక, పురుగులున్న రాయిని తిరిగి ఒకరి చేతిలో ఎలా పెడతారు? ఇన్ని నెలల్లో ఆ తొట్టికి తాను చేసిన పని ఒక్కటీ లేదు. ఇదొక్కటి శుభ్రం చేసి ఇస్తే ఆయనే మెచ్చుకుంటాడు.

పట్టకారుతో రాయిని ఎత్తి పెద్ద గిన్నెలో వేసింది. నీళ్ళు పోసింది, పొయ్యి వెలిగించింది, మూత పెట్టింది. చల్లగాలి పిల్లకి పడదని వంటింటి కిటికీ పొద్దున్నే మూసేసింది. అదలాగే ఉంది. మూత పట్టుకోవడానికి తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. నీళ్ళు తెర్లుతుండగా బయట ఉరిమింది. బట్టలు తడుస్తాయని మంట తగ్గించి మేడమీదికి పరిగెత్తింది.

పిచ్చుక మంచినీళ్ళకోసం వంటింట్లోకి వచ్చింది. ముక్కు దిబ్బడ, ఏ వాసనా తెలియదు. పొయ్యిమీద తన గిన్నె. పక్కన తన తువ్వాలు. అమ్మ ఎలాగూ పిలుస్తుంది, ఎలాగూ పోట్లాడుతుంది. ఈ ఒక్కసారి పిలవకముందే పట్టేస్తే అమ్మ ఎంత ఆశ్చర్యపోతుందో! పొయ్యి ఆపింది. కళ్ళు మూసుకుంది. తువ్వాలు కప్పుకుని మూత తీసింది.

బట్టలమోపుతో తల్లి దిగి వచ్చేసరికి కూతురు తువ్వాలు భుజాన వేసుకుని నవ్వుతోంది.

"పది పీల్చేశానమ్మా. నువ్వు చెప్పకుండానే."

ఆమె పొయ్యివైపు చూసింది. "ఏ గిన్నెలో?"

"మన గిన్నెలోనే. అడుగున ఏదో ఉంది, నువ్వే మందేదో వేశావనుకున్నా." పిచ్చుక మొహం ముడుచుకుంది. "అమ్మా, నోట్లో చిల్లర పెట్టుకున్నట్టుంది. చేదుగా."

ఆ చేదు ఆమె నాలిక్కీ తెలిసింది, వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఒక్క నిమిషంలోనే. పిచ్చుక దగ్గింది. మళ్ళీ దగ్గింది. మూడోసారి మొదలైన దగ్గు ఆగలేదు. పావుగంటలో పళ్ళు టకటకలాడేంత చలి, పెదవులు తిమ్మిరెక్కాయంది.

ఆమె భర్తకి ఫోన్ చేసింది. "ఏమండీ, పిల్లకి ఊపిరి ఆడట్లేదు, వణికిపోతోంది, ఆవిరి పట్టాక..."

"రాయి ఎక్కడుంది?"

"పిల్ల సంగతి చెప్తుంటే రాయంటారేంటండీ?"

"రాయెక్కడుందే!"

పెళ్ళయ్యాక ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. "గిన్నెలో" అంది. "మరగబెట్టాను."

 "బయటికి రండి. ఇద్దరూ. చెప్పులు కూడా వెతకొద్దు. నేను చెల్లిని పంపిస్తున్నా" అన్నాడు.

ఆడపడుచు అయిదు నిమిషాల్లో వ్యాను తెచ్చింది. ఆదివారం, ఖాళీ వ్యాను. వెనకసీట్లో తల్లి ఒళ్ళో పిచ్చుక పడుకుంది. ఒక్కో ఊపిరికీ మెడకింద గుంట పడుతోంది. ఎప్పుడూ అరిచే ఆడపడుచు ఒక్క మాట మాట్లాడకుండా బండి నడిపింది. ఆమెని అన్నిటికంటే భయపెట్టింది అదే.

ఆసుపత్రిలో డాక్టరు రెండుసార్లు అడిగింది, పగడమా అని. భర్త పరుగున వచ్చి, షాపాయనని ఫోన్లో కలిపి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ వింటూ వింటూ ముఖం మార్చుకుంది. గుండీల్లో ఉండే విషం వేడికి చావదట. ఆవిరితో పాటు పైకి లేస్తుందట. పిచ్చుక మొహానికి మాస్కు పెట్టారు, గోడలోంచి గాలి బుసకొట్టింది.

వరండాలో బెంచీ మీద మొగుడూ పెళ్ళాలు కూర్చున్నారు.

"మీకు తెలుసు" అంది ఆమె.

"మొదటిరోజే చెప్పాడు. చేత్తో ముట్టుకోవద్దు, వేడి తగలనివ్వద్దు అని."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆ తొట్టిని ఇంట్లో ఉంచనిచ్చేదానివా?"

 ఆమెకి అబద్ధం చెప్పే ఓపిక లేదు. "లేదు" అంది.

ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నేల కూలుతుందనుకుంది ఆమె, కరెంటు కొడుతుందనుకుంది, నీళ్ళు లీకై గోడలు నానిపోతాయనుకుంది. అన్నిటికీ కాపలా కాసింది. తన పొయ్యికి, తన గిన్నెకి కాపలా కాయాలని ఎవరు చెప్పారు?

నర్సు నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టి రాసుకునేది. ముప్ఫై ఎనిమిది. ఇరవైకి దగ్గరగా దిగాలంది. ఆ రాత్రంతా ఆమె కూడా మంచం పక్కన కూర్చుని లెక్కపెట్టింది. పిల్ల చేత పది లెక్కపెట్టించిన నోటితోనే.

తెల్లారాక ఫోన్ మోగింది. ఆడపడుచు.

"వదినా, బట్టలు తీసుకెళ్దామని మీ ఇంటికొచ్చా. పిల్లకిష్టమైన ఎర్రగౌను పెట్టా. ఇదిగో, నీ వంటిల్లు ఇలా వదిలేస్తే నీకు నిద్రపట్టదని నాకు తెలుసుగా! ఆ గిన్నె అడుగున జిగురంటుకుంది, గీకితే రావట్లేదు. ఉండు, స్టవ్ మీద నీళ్ళు పెట్టా, సలసలా కాగుతున్నాయి, పోసి..."

"వేడినీళ్ళొద్దు!"

వార్డంతా ఉలిక్కిపడి చూసింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. ఆమె లేచి నిలబడి, ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని అరుస్తోంది. "పొయ్యి ఆపు! గిన్నె ముట్టుకోకు! సబ్బుతో చేతులు కడుక్కుని బయటికి నడువు, నడిచావా? తలుపు తెరిచే ఉంచు. షాపాయన వస్తాడు, ఆయనే తీస్తాడు. నడిచావా?"

"నడిచా వదినా, మెట్లమీదున్నా, ఏమైంది?" ఆడపడుచు గొంతు మొదటిసారి చిన్నదైంది.

"అక్కడే ఉండు. కదలకు. మీ అన్నయ్యని పంపిస్తున్నా, అన్నీ చెప్తారు" అని, బెంచీ మీంచి లేచి వచ్చిన భర్తవైపు చూసింది. "అన్నీ."

ఆయన తల ఊపి ఫోన్ అందుకుని బయటికి వెళ్ళాడు.

మంచం మీద కదలిక. పిచ్చుక కళ్ళు తెరిచి ఉన్నాయి. మాస్కుని వేలితో కాస్త పక్కకి జరిపింది.

"వేడినీళ్ళొద్దందా? అమ్మేనా?" అంది, గాలి కలిసిన గొంతుతో. నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

తల్లి మాస్కు సరిగ్గా పెట్టింది. తాడు చెవివెనక సర్దింది. దుప్పటి కింద లేచి పడుతున్న ఆ చిన్న ఛాతీ మీద కళ్ళు పెట్టి, గోడ గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు దాటగానే మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు.

ముల్లు చుట్టు తిరిగి వచ్చేసరికి ఇరవై తొమ్మిది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.