నీలం మోటారు పళ్లచక్రం

మెకానిక్ చెల్లెలు నీలం రంగు పడవ మోటారును భుజాన మోసుకొచ్చి బల్ల మీద దించింది. మెకానిక్ కుళ్లిన చేపను చూసినట్టు ముఖం చిట్లించాడు.

"బయట పెట్టు దాన్ని."

"పెట్టను అన్నయ్యా. నా ఎర్ర మోటారు పళ్లచక్రం విరిగి నీ దగ్గర ఎనిమిది రోజులుగా పడుంది. రేపు పొద్దున పడవ తిప్పకపోతే రేవులో నా వంతు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఎర్ర కంపెనీ ఎప్పుడో మూతపడింది. చక్రం ఎక్కణ్ణుంచి తెస్తావ్?"

అతను నలభై ఏళ్లుగా ఎర్ర మోటార్లే బాగుచేశాడు. నీలం అంటే రోత. నీలం మోటారు తుక్కుగా తన కొట్టుకు వస్తే, దాని సామాను పొరపాటున కూడా ఎర్రదాంట్లో పడకూడదని ప్రతి ముక్కనూ సుత్తితో పగలగొట్టి డబ్బాలో వేసేవాడు.

"అది మోటారు కాదు, రంగేసిన చెంబు" అన్నాడు.

"తుక్కు కొట్టాయన వేరే చెప్పాడు. పాతకాలంలో ఒకే ఫ్యాక్టరీ అన్నీ తయారుచేసి, షాపుకో పేరు, పేరుకో రంగు వేసి అమ్మేదట."

"వాడి మొహం."

"నీ మొహమూ చూద్దాం, ఉండు."

ఆమే స్పానరు అందుకుని అడుగున ఉన్న గేరు పెట్టె విప్పింది. మాడిన నూనె కంపు గుప్పుమంది. చక్రాన్ని గుడ్డతో తుడిచి, విరిగిన ఎర్రదాని పక్కన పెట్టింది.

అతను కళ్లద్దాలు తుడుచుకుని వంగాడు. పళ్లు లెక్కపెట్టాడు. విరిగిన వాటితో కలిపి ఎర్రదానికి పదమూడు. నీలందానికీ పదమూడే. గేరు పెట్టెల లోపల పోత పోసినప్పుడే పడిన నంబర్లు చూశాడు. నీలందాంట్లో మూడు అంకెకు తోక లేదు. ఎర్రదాంట్లోనూ లేదు. ఒకే అచ్చు.

నోట్లో ఎవరో ఆ మాడిన నూనే పోసినట్టయింది. బయటికెళ్లి ఉమ్మి వచ్చాడు. చేదు పోలేదు.

"ఏంటన్నయ్యా, రెండూ ఒకటేనా?"

"జరుగు. బిగిస్తా."

సాయంత్రానికి ఎర్ర మోటారును నీళ్ల డ్రమ్ములో దించి తాడు లాగాడు. మూడో లాగుకు అందుకుంది.

"రంగేసిన చెంబు బానే పనికొచ్చిందే!" చెల్లెలు పగలబడి నవ్వింది. "ఇలాంటి చక్రం ఇంకోటుంటే దాచిపెట్టు. ఇదీ అరుగుతుందిగా."

అతను కాలితో బల్ల కింది డబ్బాను బయటికి తోశాడు. నిండా ముక్కలు. పైన రెండు చక్రాలు, పోయిన నెల పగలగొట్టినవి, విరిగినచోట ఇంకా మెరుస్తున్నాయి.

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఇన్నా?"

"పెరట్లో ఇంకో రెండు డబ్బాలున్నాయి."

ఆమె ఎర్ర మోటారును భుజానికెత్తుకుంది. బల్ల మీది సుత్తి తీసి నడుముకు దోపుకుంది.

"ఈ సుత్తి నాతో తీసుకుపోతున్నా."

"తీసుకుపో" అన్నాడతను డబ్బా వైపు చూస్తూనే. "మళ్లీ తేకు."