చెయ్యెత్తిన బొమ్మలు

సిడ్నీ తీరం వెంట కొండ అంచున నడకదారి. దాని కింద అలలు కొట్టే రాతి చప్టా. ఈ ఏడాది శిల్పాల ప్రదర్శనలో నాకిచ్చిన చోటు అదే. అక్కడ ఐదుగురు సిమెంటు మనుషుల్ని నిలబెట్టాను. అందరూ ఒక చెయ్యి పైకెత్తి ఉంటారు. మా సముద్రంలో మునిగిపోయేవాళ్లు సాయం కోసం చేసే సైగ అది. ఇక్కడ పాలబుగ్గల పిల్లలకి కూడా తెలుసు.

ఆదివారం పొద్దున్నే ఒక బొమ్మ అడుగున పగులు పూడ్చడానికి దిగాను. ఒళ్లంతా సిమెంటు పూసుకుపోయింది. ఇంతలో పెద్ద అల వచ్చి ఆ బొమ్మని నా మీదికి ఒరగదోసింది. దాని కింద, రాతి సందులో నా కాలు ఇరుక్కుపోయింది. ఫోను పైన సంచిలో ఉంది. సముద్రానికి పోటు మొదలైంది.

నీళ్లు నడుము దాటేసరికి దారి జనంతో నిండిపోయింది. గొంతు చించుకుని అరిచాను. గాలి పైనుంచి వీస్తోంది. వాళ్ల మాటలు నాకు వినబడుతున్నాయి గానీ నా కేక వాళ్లకి చేరడం లేదు. చెయ్యెత్తి ఊపాను.

"ఏయ్, ఇది కదుల్తోందే!"

"లోపల మోటారు పెట్టుంటాడ్లే."

"మొహం చూడు, భయం భలే పలికించాడు! నా కాఫీ పట్టుకో, ఫోటో తీస్తా."

ఒకావిడైతే తిరిగి చెయ్యూపింది కూడా. ఆ కళాభిమానం మండిపోను! భయాన్ని గొప్పగా చెక్కాననుకున్నాను గానీ, అదేమిటో నాకు అప్పుడే తెలిసింది. ఉప్పునీళ్లు నోట్లోకి వస్తున్నాయి. చచ్చిపోతాను, ఇంతమంది చూస్తుండగా చచ్చిపోతాను. ఒక అల నెత్తి మీదుగా పోయింది. ఇక ఓపిక లేక చెయ్యి దించేశాను.

"అది బొమ్మ కాదర్రా! బొమ్మ ఎక్కడైనా చెయ్యి దించుతుందా?"

ఆ గొంతు మెర్ల్‌ది. ఈ ఒడ్డున ఈతగాళ్లకి కాపలా కాస్తూ ముసలిదైపోయిన మనిషి. ఆవిడ కేకకి కుర్రాళ్లు తాళ్లూ గునపాలూ పట్టుకుని దూకారు.

నన్ను పైకి లాగాక ఆవిడే దుప్పటి కప్పింది.

"ఫెర్గస్, అబ్బాయ్, నేనూ ముందే చూశాను నిన్ను. బొమ్మేలే అని వెళ్లిపోయాను. నేను! ఎత్తిన చెయ్యి కనబడితే నిద్రలోంచైనా లేచి పరిగెత్తేదాన్ని. రేపు నిజంగా ఎవరైనా మునుగుతూ చెయ్యెత్తితే ఏంట్రా గతి?"

మర్నాడు నీళ్లు వెనక్కి తగ్గాక, కట్టు కట్టిన కాలితోనే రంపపు యంత్రం పట్టుకుని దిగాను. బొమ్మలెత్తిన చేతులన్నీ కోసేశాను.

"లక్షణమైన బొమ్మల్ని పాడుచేస్తున్నాడేంటి, పిచ్చోడా ఏంటి?" అని పైనెవరో సణిగారు.

ఆఖరిది కూడా కోశాక, నుదుటి చెమట తుడుచుకుందామని చెయ్యెత్తాను.

"ఏయ్, ఏమైంది? ఉండు, వస్తున్నాం!"

ఆ సణిగినవాడే ముందు. వెనక ఇంకో ఇద్దరు. కాఫీలు పారేసి, రాళ్ల మీద జారుతూ పడుతూ దిగొచ్చేశారు. ఏమీ కాలేదని చెబుదామనుకున్నాను. ఏడుపొచ్చేసింది.